నాదం అణగిన తరువాత విన్నదెవరు?

జపాన్ దేశపు ఆలయఘంటకు నాలుక ఉండదు. మన దేవాలయాలలో గర్భగృహం ముందు వ్రేలాడే ఘంటలో లోపలి నాలుక కొట్టుకొని నాదం పుడుతుంది. అక్కడ మనిషి ఎత్తును మించిన కంచుఘంటను బయటి నుండి, త్రాళ్ళతో అడ్డంగా వ్రేలాడదీసిన దూలంతో ఒక్కమారు తాకిస్తారు. దూలం తగిలే చోట పద్మాకృతి పోతపోసి ఉంటుంది. ఆ ఘంటను వారు 'బొన్‌షో' అంటారు. ఆ పదంలోని 'బొన్' అనే అక్షరం మన బ్రహ్మ శబ్దాన్ని చీనా లిపిలోనికి తెచ్చుకొనడానికి వాడినది కనుక, దానిని 'బ్రహ్మఘంట' అని అర్థం చేసికొన్నా తప్పు లేదు. నారా నగరంలోని తోదాయ్‌జీ ఆలయఘంట క్రీ.శ. 752 నాటిది, బరువు సుమారు 26 టన్నులు.

అంతటి ఘంట పలికినప్పుడు దాని నాదాన్ని ఆ దేశీయులు మూడు దశలుగా విభజించి వింటారు. మొదటిది తాకిడి, అది క్షణమాత్రం. రెండవది నిండుధ్వని, అది సుమారు పది సెకన్లు నిలుస్తుంది. మూడవదానిని 'ఒకురి' అంటారు, అనగా సాగనంపడం. అది ఒక్కొక్కప్పుడు నిమిషం వరకు కూడ సాగుతుంది. ఆ సాగనంపుటలో ధ్వని సరళరేఖగా తగ్గిపోదు. ఉబుకుతూ, కుంగుతూ, శ్వాసవలె ఆడుతుంది. పోతలోని అతిస్వల్పమైన అసమానత వలన రెండు సమీపధ్వనులు కలిసి పలికి, వాటి పరస్పర సంఘర్షణచేత ఆ ఆందోళనం కలుగుతుంది. తంబురా మెట్టుపై నూలుపోగు సవరించి జీవాళి పలికించేవారికి ఈ రహస్యం వివరించనక్కరలేదు. ధ్వనికి ప్రాణం వచ్చేది ఆ చిన్న తేడా వలననే.

ఈ మూడవ దశను పట్టుకొని ఒక మహావాద్యబృందంచేత పలికించిన కృతి ఒకటి ఉన్నది. దాని పేరు 'నిర్వాణ సింఫనీ'. కర్త మయుజుమి తోషిరో (1929–1997). 1958లో టోక్యోలో తొలిసారి వినిపించిన ఈ కృతికి ఆ దేశంలో సంగీతరచయితలకిచ్చే ఒతాకా పురస్కారం లభించినది. ధ్యానాత్మకమని పేరుపడిన ఆధునిక జపాన్ సంగీతంలో దీనికి ప్రముఖస్థానం ఉన్నది. దీనిని గురించి సాధకులు తెలిసికొనడం అవసరం. దీనివలన ధ్యానం కుదురుతుందని కాదు. 'ధ్యానసంగీతం' అనే మాటను ఈనాడు ఎంత అజాగ్రత్తగా వాడుతున్నామో దీని ముందు నిలబెట్టి చూస్తే స్పష్టమవుతుంది.

మయుజుమి మొదటినుండి ఆలయమార్గంలో నడచినవాడు కాడు. యౌవనంలో పారిస్ వెళ్ళి అక్కడి ప్రసిద్ధ సంగీతవిద్యాలయంలో చేరి, ఒక్క సంవత్సరానికే తిరిగి వచ్చినాడు. పిమ్మట 1953లో, నమోదు చేసిన ధ్వనులనే ముక్కలుగా కోసి అతికే సంగీతం చేసినాడు. ఆపై జపాన్ ఆకాశవాణి సంస్థ ఎన్‌హెచ్‌కె ప్రయోగశాలలో కేవలం విద్యుత్తరంగాలతో శబ్దనిర్మాణం చేసినాడు. అనగా ధ్వనిని విడదీసి, దాని అవయవాలను లెక్కించే విద్య ఆయనకు కరతలామలకం. ఆ విద్యతోనే ఆలయఘంటలను పరీక్షించినాడు. ఒక్క దెబ్బతో పుట్టే నాదంలో ఎన్ని ఉపధ్వనులు ఉన్నవి, ఏది ముందు అణగుతుంది, ఏది చివరివరకు నిలుస్తుంది అని పరిశీలించి, ఆ ఉపధ్వనులను వేణువులకు, తంత్రీవాద్యాలకు, కొమ్ములకు పంచి ఇచ్చినాడు. ఒక్కొక్క వాద్యం ఘంటలోని ఒక్కొక్క అంశాన్ని పట్టి నిలుపుతుంది. అన్నీ కలిసినప్పుడు సభామందిరమే ఘంటయై మ్రోగుతుంది. వాద్యబృందాన్ని కూడ మూడు భాగాలుగా చీల్చి, ఒకటి వేదికపైన, తక్కినవి దూరంగా వేర్వేరు చోట్ల కూర్చుండబెట్టినాడు. శ్రోత నాదానికి ఎదురుగా కూర్చున్నవాడు కాక, నాదం నడుమ చిక్కినవాడవుతాడు.

కృతిలో ఆరు భాగాలున్నవి. ఒకటి, మూడు, ఐదు భాగాలకు 'కాంపనాలజీ' అని పేరు; ఐరోపీయులు ఘంటాశాస్త్రానికి వాడే పదమిది. రెండవ భాగం 'శూరంగమ', నాల్గవది 'మహాప్రజ్ఞాపారమిత'. వీటిలో పురుషకంఠాల బృందగానం ఉంటుంది. చివరిదైన ఆరవ భాగానికి తెండాయ్ సంప్రదాయపు 'శోమ్యో' గానరీతి ఆధారం. శోమ్యో అనే పదం మన 'శబ్దవిద్య'కు చీనా దేశంలో చేసిన అనువాదమే. వ్యాకరణాన్ని సూచించిన ఆ పేరు తూర్పు సముద్రం దాటేసరికి ఆలయగానమైనది. వేదాంగాలలో శిక్ష, వ్యాకరణం పక్కపక్కన కూర్చున్న సంగతి ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఇక వినినవారి అనుభవం. ధ్యానసంగీతమనగానే మందమైన వేణునాదం, నీటిసవ్వడి, అర్ధనిమీలిత నేత్రాలు ఊహించుకొని దీనిని వినబోయేవారు ఉలిక్కిపడక తప్పదు. ఇది దట్టమైన, బరువైన, కొన్ని చోట్ల భీతిగొలిపే శబ్దం. జోలపాట లక్షణం ఇందులో లేశమైనా లేదు. దీనిని వింటూ నిద్రపోవడం అసాధ్యం.

ఇక్కడనే విషయం ఉన్నది. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలోని అద్వైతప్రకరణంలో సాధకునికి కలిగే విఘ్నాలను చెబుతూ, చిత్తం లయంలో పడితే మేల్కొలుపుమని, విక్షేపంలో పడితే శమింపజేయుమని, అక్కడ కలిగే సుఖాన్ని సహితం ఆస్వాదించరాదని హెచ్చరించినారు. తరువాతి ఆచార్యులు దీనినే లయం, విక్షేపం, కషాయం, రసాస్వాదం అని నాలుగు విఘ్నాలుగా స్థిరపరచినారు. ఈ కొలబద్దతో చూచినప్పుడు, చరవాణిలో రాత్రింబవళ్ళు మ్రోగే 'ధ్యానసంగీతం'లో అధికభాగం లయసాధనమే. అది చిత్తాన్ని మెత్తగా ముంచుతుంది. అలసినవానికి నిద్ర పట్టిస్తుంది. నిద్ర అవసరమే, దానికి మంచి పేరు కూడ నిద్రయే. దానిని ధ్యానమని పిలిచిననాడు సాధకుడు తన జాడ్యాన్ని శాంతిగా భ్రమించి సంవత్సరాలు గడుపుతాడు. ఈ మోసం మృదువైనది కనుక దీర్ఘకాలం నడుస్తుంది.

మయుజుమి కృతి ఈ మొదటి విఘ్నాన్ని దగ్గరకు రానివ్వదు. అయితే చివరిదైన రసాస్వాదం నుండి మాత్రం తప్పించలేదు. సభలో టికెట్టు కొని కూర్చున్నవాడు రసం కొరకే కూర్చుంటాడు. అది అతని దోషం కాదు, సభాధర్మం. భయంకరమైన శబ్దంలో కూడ రుచి ఉన్నది. అలంకారికులు భయానకాన్ని, బీభత్సాన్ని రసాలలో చేర్చినది ఊరకే కాదు. కనుక ఈ కృతికి 'నిర్వాణ' అనే పేరు దాని సామర్థ్యాన్ని మించినదని చెప్పవలసి ఉన్నది. సుమారు అరగంటకు పైగా సాగే వాద్యకృతి నిర్వాణాన్ని ఇవ్వదు, చూపదు. పేరు గొప్పది పెట్టుకొనడం కళాకారులకు సహజమైన చాపల్యం.

పేరును పక్కన పెట్టి, ఆయన ఎంచుకొన్న శూరంగమ శబ్దం వద్ద కొంచెం నిలబడాలి. శూరంగమసూత్రమని చీనా భాషలో ఒక గ్రంథమున్నది. క్రీ.శ. 705లో అనువదింపబడినదని సంప్రదాయం. సంస్కృతమూలం ఈనాడు లభించదు. అందులో ఒక సన్నివేశం ఘంటను గురించినదే. బుద్ధుడు రాహులునిచేత ఘంటను మ్రోగింపజేసి, వినబడుచున్నదా అని ఆనందుని అడుగుతాడు. వినబడుచున్నదని సమాధానం. నాదం అణగిన తరువాత మరల అడుగుతాడు. ఇప్పుడు వినబడుటలేదని సమాధానం. అప్పుడు బుద్ధుడు ఆ మాటను పట్టుకొంటాడు. ఆగినది శబ్దమా, వినికిడియా? వినికిడియే ఆగిపోయి ఉంటే, ఇప్పుడు శబ్దం లేదని నీకు తెలిసినదెట్లు? శబ్దం వచ్చినది, పోయినది. రాకపోకలు తెలిసికొన్నది వచ్చినదీ కాదు, పోయినదీ కాదు.

వేదాంతశ్రవణం చేసినవారికి ఈ తర్కం పరిచితమే. సుషుప్తి నుండి లేచినవాడు 'సుఖంగా నిద్రించితిని, ఏమియు తెలియలేదు' అంటాడు. ఏమియు తెలియలేదన్న సంగతి తెలిసినదెవరికి అని ఆచార్యులు ప్రశ్నించి సాక్షిని చూపుతారు. అక్కడ నిద్ర ఉదాహరణం, ఇక్కడ ఘంట. అయినా ఈ పోలికను చూచి 'అన్నీ ఒక్కటే' అని చేతులు దులుపుకొనడం తగదు. శంకరభగవత్పాదులు సూత్రభాష్యంలో బౌద్ధమతాలను వరుసగా ఖండించినారు. ఆ ఖండన ఊసుపోక చేసినది కాదు. నిత్యమైన ఆత్మను అంగీకరించనివారికి, దానినే పరమార్థమన్నవారికి నడుమ గల భేదం నిజమైనది. రెండు త్రోవలు ఒకే ఘంట క్రింద కొంతసేపు కలిసి నడచినవని చెప్పడం వేరు, రెండూ ఒక త్రోవయే అనడం వేరు.

మన గ్రంథాలలోనూ ఘంటకు ఈ స్థానం ఉన్నది. ధ్యానబిందూపనిషత్తు ప్రణవాగ్రాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు, తెగని తైలధారతో, దీర్ఘమైన ఘంటానినాదంతో పోల్చినది. హఠయోగప్రదీపిక నాదానుసంధానంలో సాధకునికి వినవచ్చే అంతర్ధ్వనులను సముద్రఘోష, మేఘగర్జన మొదలుకొని వేణువీణాభ్రమరనాదాల వరకు వరుసపెట్టి, మధ్యదశలో శంఖంతో పాటు ఘంటను ఉంచినది. స్థూలం నుండి సూక్ష్మానికి వెళ్ళడమే అక్కడి ఉపదేశం. ఆహతమైన ఘంట తన తోకను పట్టుకొన్నవానిని అనాహతపు గడప వరకు తీసికొనిపోతుంది. గడప దాటించడం దాని పని కాదు.

ఈ దృష్టితో మరల వింటే, నిర్వాణ సింఫనీలోని ఆరు భాగాలూ సమానమైన విలువ గలవి కావని తోస్తుంది. విమర్శకులు బృందగానం ఉన్న భాగాలను ఎక్కువగా మెచ్చుకొంటారు. వాటిలో ఊపు ఉన్నది, వైచిత్రి ఉన్నది. కాని మంత్రవిదులకు అక్కడనే ముల్లు గుచ్చుకొంటుంది. శూరంగమ ధారణి జెన్ మఠాలలో విధ్యుక్తంగా పఠించేది. దానిని సభావేదికపై, నియమంతో గాని దీక్షతో గాని సంబంధం లేకుండ, శబ్దవైచిత్రి కొరకు పాడించడమనగా మంత్రం నుండి వినియోగాన్ని వేరుచేయడమే. సంకల్పం, వినియోగం లేని మంత్రం వినసొంపైన శబ్దంగా మిగులుతుంది. మన పక్కనే గాయత్రిని, రుద్రాన్ని తాళవాద్యాలతో మేళవించి ప్రయాణాలలో వినడానికి అమ్ముచున్న కాలంలో, జపాన్ సంగీతకర్తను ఒక్కనినే తప్పుపట్టడం న్యాయం కాదనేవారున్నారు. నిజమే. తప్పు రెండు చోట్లా ఒకటే, ఒక చోట జరిగినందున రెండవ చోట ఒప్పు కాదు.

ఐతే ఆ ధారణి చరిత్రలో తల వంచవలసిన విషయం ఒకటి ఉన్నది. అది సంస్కృతశబ్దాలతో కూడినది. చీనా లిపిలో అక్షరక్రమంగా వ్రాయబడి, జపాన్ ఉచ్చారణలో పఠింపబడి, తైత్తిరీయ శీక్షావల్లి చెప్పిన వర్ణం, స్వరం, మాత్ర, బలం అనేవి ఎక్కడికక్కడ మారిపోయి, ఈనాడు ఘనపాఠి విన్నా గుర్తుపట్టలేని స్థితికి వచ్చినది. అయినను అర్థం ఎరుగని ఆ శబ్దాలను వందల సంవత్సరాలు ప్రతిదినం విడువక పఠించిన భిక్షువులున్నారు. ఉచ్చారణ చెడినదని నవ్వడం సులభం. ఉచ్చారణ చెడకుండ నిలుపుకొన్నచోట పఠించేవారు ఎందరు మిగిలినారన్నది అంత సులభమైన ప్రశ్న కాదు. ప్రజ్ఞాపారమిత గ్రంథాలతో పేరు ముడిపడిన నాగార్జునాచార్యుడు కృష్ణాతీరంవాడని మనం గర్విస్తాము. ఆ గ్రంథాల పేరు ఆలయంలో వినవలెనంటే మాత్రం ఆ దేశానికి వెళ్ళవలసినదే.

మాటలు లేని మూడు ఘంటాభాగాలు వేరు. అక్కడ మంత్రాపచారం లేదు, కథ లేదు, భావం పేరిట మనసును లాగే రాగమూ లేదు. ఒక దెబ్బ, దాని విస్తారం, దాని సాగనంపుట. మరల ఒక దెబ్బ. సంగీతకర్త తన సొంత ఊహను వెనుకకు నెట్టి, కంచు ఏమి చెప్పినదో దానిని మాత్రమే వ్రాసికొన్నాడు. నిర్వాణమనే పేరు మోయలేని కృతిలో ఈ భాగాలకు వినయమున్నది. ఉపాసన అనే మాట వాడవలెనంటే ఇక్కడ వాడవచ్చును.

ఈ కృతి పుట్టిన కాలాన్ని కూడ మరువరాదు. యుద్ధకాలంలో జపాన్ ప్రభుత్వం 1941 నుండి లోహసేకరణ ఆజ్ఞలు చేసి, ఆలయఘంటలను వేలకొలదిగా గోపురాల నుండి దింపించి కరగించినది. పురాతనమైనవి కొన్ని మాత్రమే మిగిలినవి. తరతరాలుగా ఊరికి ప్రొద్దు చెప్పిన నాదం ఆయుధాల కొరకు పోయినది. యుద్ధం ముగిసేనాటికి మయుజుమికి పదహారేండ్లు. ఖాళీ అయిన ఘంటాగోపురాలు దేశమంతటా నిలిచి ఉన్న కాలంలో పెరిగినవాడు, ఒకానొకనాడు వంద వాద్యాలను పోగుచేసి ఘంటను పలికించినాడు. ఆయన ఉద్దేశం ఏదైనను, యుద్ధం పుట్టించిన నిశ్శబ్దం విన్న తరం ఆ సభలో కూర్చుని దానిని విన్నది. పోయిన ఘంట ఎట్లు మ్రోగేదో జ్ఞాపకమున్న చెవికి ఆ వాద్యధ్వని ఎట్లు సోకి ఉండునో ఊహించుకొనవచ్చును.

ఆయన తరువాతి జీవితం ఒకే దారిన సాగలేదు. 1964 టోక్యో ఒలింపిక్ ప్రారంభోత్సవానికి ఘంటాధ్వనులతో విద్యుత్సంగీతం కూర్చినాడు. 1966లో వచ్చిన 'ది బైబిల్' అనే హాలీవుడ్ చిత్రానికీ సంగీతమిచ్చినాడు. ఘంటను అంత శ్రద్ధగా విన్న చెవి అన్ని వాకిళ్ళలోనూ పని చేసినది. వృత్తికళాకారుని నుండి విరక్తుని నిష్ఠను ఆశించడం మన పొరపాటే అవుతుంది.

ఆ దేశంలో సంవత్సరాంతపు రాత్రి ఆలయాలలో ఘంటను 108 మార్లు మ్రోగిస్తారు. అవి నూట ఎనిమిది క్లేశాలను తొలగించుటకని వారి విశ్వాసం. మన జపమాలలోని సంఖ్యయే. ఒక నాదపు తోక పలుచబడేవరకు ఆగి మరొకటి కొట్టడం వలన ఆ క్రియ చాలాసేపు సాగుతుంది. వారి ఘంట కొట్టుటకెంతో, ఆగుటకు అంత.

మన పూజావిధిలో ఘంటానాదం దేవతల ఆగమనానికి, ఆసురశక్తుల నిర్గమనానికి అని సంకల్పించి చేసేది. ఎడమచేత ఘంట పట్టి, ధూపమో దీపమో చూపుతూ అర్చకుడు మ్రోగించినప్పుడు ఆ నాదానికి అతని శ్వాసతో, చూపుతో, మంత్రంతో ఒక లంకె ఉంటుంది. ఆపినప్పుడు కూడ నాదం కొంచెం మిగిలి, కర్పూరజ్యోతితో పాటు అణగుతుంది. దర్శనం కొరకు నిలిచినవాని మనస్సు ఒక్క క్షణమైనా నిలిచేది ఆ మిగులులోనే. కొన్నేండ్లుగా తెలుగుదేశపు ఊరూరి గుడులలో ఆ స్థానాన్ని కరెంటుతో నడిచే గంట, డోలు కలిసిన యంత్రం ఆక్రమించినది. భక్తులే విరాళంగా ఇస్తారు. దాత పేరు దాని పెట్టెపై పెద్ద అక్షరాలతో వ్రాయిస్తారు. మనిషి చాలని చిన్న గుడులకు అది సౌకర్యమని, చేయి ఖాళీ లేని ఒంటరి అర్చకునికి సహాయమని చెప్పే మాటలో అసత్యం లేదు. కాని ఆ యంత్రం ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ నడుమ సందు ఇవ్వదు. హారతి ముగిసేవరకు కొట్టిన కొట్టు కొట్టుచునే ఉండి, మీట నొక్కగానే ఆగుతుంది. అంతసేపూ ఆ హోరు నడుమ మాట్లాడుకొనుటకు అలవాటుపడిన భక్తులు, అది ఆగగానే తీర్థం కొరకు చేయి చాస్తారు. ధ్యానబిందువు చెప్పిన దీర్ఘనినాదం ఎట్లుంటుందని ఆ గుడిలో పెరిగిన బాలుడు అడిగితే, చూపించుటకు గర్భగృహంలోని చేతిఘంట ఒక్కటే ఉన్నది. దానిని యంత్రం ఆపిన తరువాత, ఒక్కమారు కొట్టి, చేయి అడ్డుపెట్టక వదలివేయవలసి ఉంటుంది.